తాబేలు జట్టు మనిషిని

శ్రీకూర్మంలో పుట్టి పెరిగినవాడికి తాబేలు కొత్త కాదు. విష్ణువు కూర్మావతారంలో పూజలందుకునే కోవెల మా ఊరిది. స్వామి పడమటి ముఖంగా ఉంటాడు. గుడికి ధ్వజస్తంభాలు రెండు. ప్రాకారం లోపల నక్షత్ర తాబేళ్ళను పెంచుతారు. చిన్నప్పుడు బడి వదలగానే ఆకుకూర కాడలు పట్టుకుపోయి వాటి ముందు వేసి, మెడ ఎప్పుడు బయటికి తీస్తాయా అని చూస్తూ కూర్చునేవాళ్ళం. అలాంటి ఊరివాడు అమెరికా వచ్చి ఏ పులుల జట్టుకో ఎలుగుబంట్ల జట్టుకో అభిమాని కావాలి, ఎందుకంటే ఇక్కడి కాలేజీ జట్లకు అలాంటి పేర్లే ఎక్కువ. నేను 2000లో ఎమ్మెస్ చదవడానికి వచ్చి చేరింది మాత్రం కాలేజ్ పార్క్‌లోని మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో. ఆ జట్టు పేరు టెర్రపిన్స్. ముద్దుగా టెర్ప్స్. తాబేళ్ళే!

ఈ తాబేలు ఎంపిక వెనక ఒక మనిషి సొంతూరి మమకారం ఉంది. 1932లో జట్టుకు గుర్తు వెతుకుతుంటే, ఫుట్‌బాల్ కోచ్ కర్లీ బర్డ్ డైమండ్‌బ్యాక్ తాబేలును సూచించాడు. ఆయనది చెసాపీక్ బే ఒడ్డున ఉన్న క్రిస్‌ఫీల్డ్. ఆ ఉప్పుటేటి నీళ్ళలో తిరిగే తాబేలే ఇది. 1933లో పట్టా పుచ్చుకున్న విద్యార్థులు కంచు విగ్రహం పోయించి పెట్టారు. దాని పేరు టెస్టూడో. 1947లో పక్కనే బాల్టిమోర్‌లో ఉన్న జాన్స్ హాప్‌కిన్స్ కుర్రాళ్ళు దాన్ని ఎత్తుకుపోయారు. తిరిగొచ్చాక లోపల సిమెంటు పోసి కదలకుండా చేశారు. ఇప్పుడది మెకెల్డిన్ లైబ్రరీ ముందు ఉంటుంది. వెళ్ళేవాళ్ళూ వచ్చేవాళ్ళూ తాకి తాకి, ఒళ్ళంతా నల్లగా ఉన్నా ముక్కు మాత్రం బంగారంలా మెరుస్తుంటుంది.

పరీక్షల వారంలో చూడాలి దాని వైభోగం. అరటిపళ్ళు, కాఫీ కప్పులు, నూడుల్స్ పొట్లాలు, చిల్లర నాణేలు, పాసైతే చాలని రాసిన చీటీలు దాని కాళ్ళ దగ్గర కుప్పగా పడి ఉంటాయి. 2013 డిసెంబరులో ఆ నైవేద్యాలకే నిప్పంటుకుని మంటలు లేచాయి. నేను ఈ సంగతి ఫోన్లో చెబితే అమ్మకు వింతగా ఏమీ అనిపించలేదు. “మన సామే గదా అదీనూ. ఆ గుంటలు దండమెట్టుకుంటే తప్పేటి? కానొరే, సదవకుండా దండమెడితే సామి మాత్రం ఏటి సేత్తాడు?” అంది.

జట్టు విషయంలోనూ సామి ఏమీ చేయడని తెలిసే రోజులు తొందరగానే వచ్చాయి. 2001 మార్చి నెల తెలుగువాడికి మరపురానిది. ఈడెన్ గార్డెన్స్‌లో ఫాలో ఆన్ ఆడుతూ లక్ష్మణ్ 281 కొట్టాడు, మనం ఆస్ట్రేలియాను మట్టి కరిపించాం. ఆ నెల 31న మేరీలాండ్ బాస్కెట్‌బాల్ జట్టు ఫైనల్ ఫోర్‌లో, అంటే సెమీఫైనల్లో, డ్యూక్ విశ్వవిద్యాలయంతో తలపడింది. మా గదిలో ఉన్నవాళ్ళమంతా క్రికెట్ పిచ్చోళ్ళమే, బాస్కెట్‌బాల్ నియమాలు సగం తెలుసు, సగం తెలియవు. మావాళ్ళు ఒక దశలో 22 పాయింట్లు ముందున్నారు. ఆఖరికి 84–95తో ఓడిపోయారు. రెండు వారాల క్రితం ఆస్ట్రేలియావాళ్ళ మొహాలు ఎలా ఉన్నాయో ఆ రాత్రి మా మొహాలు అలా ఉన్నాయి. సోమవారం క్లాసులో, అంతవరకూ నాతో మాట కలపని పక్క సీటు కుర్రాడు “చూశావా?” అన్నాడు. “చూశాను” అన్నాను. అక్కడ నా మొదటి స్నేహం అదే. దాన్ని తెచ్చిపెట్టింది ఆ ఓటమి.

మరుసటి ఏడాది, 2002 ఏప్రిల్ 1న, అట్లాంటాలో ఇండియానాను 64–52తో ఓడించి మేరీలాండ్ దేశ విజేత అయింది. మగపిల్లల బాస్కెట్‌బాల్‌లో ఇప్పటికీ అదొక్కటే మాకున్న కప్పు. కోచ్ గ్యారీ విలియమ్స్ ఆ కాలేజీలోనే ఆడినవాడు. ఫైనల్లో 18 పాయింట్లు చేసిన హువాన్ డిక్సన్ బాల్టిమోర్ పిల్లవాడు. మత్తుమందుల పాలైన తల్లిదండ్రులిద్దరినీ ఎయిడ్స్ పొట్టన పెట్టుకుంటే, బంధువుల ఇళ్ళలో పెరిగాడు. ఆ రాత్రి రూట్ వన్ మీద జనసముద్రం. ముక్కూ మొహం తెలియనివాళ్ళు కౌగిలించుకున్నారు. 2006లో ఆడపిల్లల జట్టు కూడా కప్పు కొట్టింది. క్రిస్టీ టాలివర్ ఆఖరి క్షణాల్లో వేసిన త్రీ పాయింటర్‌తో స్కోరు సమమైంది, అదనపు సమయంలో అదే డ్యూక్ మీద 78–75తో గెలిచారు. మా అమ్మాయి ఇప్పటికీ ఆ వీడియో పెట్టుకుని చూస్తుంది. అప్పటికి అది పుట్టనేలేదు.

అమెరికన్ ఫుట్‌బాల్ సంగతి వేరు. మేరీలాండ్ ఫుట్‌బాల్ అభిమానికి ముందుగా కావలసింది ఓర్పు. 1953లో జిమ్ టేటమ్ కోచ్‌గా దేశ విజేతలయ్యాం, ఆ మాటే ఇప్పటికీ చెప్పుకుంటాం. 2014లో బిగ్ టెన్ అనే కాలేజీ జట్ల కూటమిలో చేరాక ఒహాయో స్టేట్, మిషిగన్, పెన్ స్టేట్ లాంటి కొండలతో ఢీ కొట్టడం మొదలైంది. సెప్టెంబరులో చిన్న జట్ల మీద గెలిచి మురిసిపోతాం. అక్టోబరు రాగానే ఆకులతో పాటు ఆశలూ రాలతాయి. అయినా శనివారం శనివారమే. ఆటకు మూడు గంటల ముందే స్టేడియం పక్క పార్కింగ్‌లో కారు డిక్కీ తెరిచి దుకాణం పెడతాం. మావైపు నుంచి ఒక రేకు ట్రేలో పులిహోర, పక్క కారువాళ్ళ నుంచి ఓల్డ్ బే మసాలా దట్టంగా చల్లిన ఉడికించిన పీతలు. వాళ్ళు న్యూస్‌పేపర్ పరిచి చిన్న కొయ్య సుత్తులతో డెక్కలు పగలగొడతారు. నేను సుత్తి జోలికి పోను, మా సముద్రతీరంవాళ్ళకు పీత తినడం ఒకరు నేర్పక్కర్లేదు. నా పళ్ళ పనితనం చూశాక ఆ పెద్దాయన నాకు తన పక్కన శాశ్వతంగా ఒక కుర్చీ కేటాయించాడు. ఆయన రిటైరైన బస్సు డ్రైవరు. పులిహోరలో ఇంగువ తగ్గితే ఇప్పుడు ఆయనే చెబుతాడు.

ఈ అభిమానంలో సిగ్గుపడే రోజులూ ఉన్నాయి. 2018 మే 29న సాధన చేస్తూ జోర్డన్ మెక్‌నేర్ అనే ఫుట్‌బాల్ ఆటగాడు వడదెబ్బకు కుప్పకూలాడు. సకాలంలో చేయాల్సిన వైద్యం జరగలేదు. జూన్ 13న పోయాడు. వయసు 19. నైతికంగా, చట్టపరంగా బాధ్యత తమదేనని విశ్వవిద్యాలయ అధ్యక్షుడు ఆ కుటుంబానికి చెప్పాడు. ఆ ఏడాది జెర్సీ తీసి తొడుక్కోవాలంటే చెయ్యి రాలేదు. అయినా సెప్టెంబరు 1న టెక్సస్‌తో ఆటకు వెళ్ళాను. మావాళ్ళ చేతికి మొదటిసారి బంతి వచ్చినప్పుడు 11 మంది ఉండాల్సిన చోట పదిమందే నిలబడ్డారు. మెక్‌నేర్ నిలబడాల్సిన చోటు ఖాళీగా వదిలేశారు. గడియారంలో గడువు అయిపోయి, ఆలస్యానికి రిఫరీ పెనాల్టీ వేశాడు. టెక్సస్‌వాళ్ళు ఆ పెనాల్టీ మాకొద్దన్నారు. నా పక్కన కూర్చున్నావిడ కళ్ళు తుడుచుకుంటూ, అటు టెక్సస్ జట్టుకు చప్పట్లు కొట్టింది. ఆ రోజు 34–29తో గెలిచాం. ఆ నవంబరులో ఒహాయో స్టేట్‌ను ఓడించే దాకా వెళ్ళి, అదనపు సమయంలో ఒక్క పాయింటు తేడాతో 51–52గా ఓడాం. తర్వాత 2021లో మేరీలాండ్ రాష్ట్రం ఆ కుర్రాడి పేరుతోనే కాలేజీ ఆటగాళ్ళ రక్షణకు చట్టం చేసింది. అభిమానులు జట్టును ప్రేమించాలి, కానీ కళ్ళు తెరుచుకుని ప్రేమించాలి.

మార్చి నెల మాత్రం నాకు రెండు పండగల నెల. ఫాల్గుణ పున్నమికి మా ఊళ్ళో కామదహనం, డోలోత్సవం. అటూ ఇటూగా ఇక్కడ కాలేజీ బాస్కెట్‌బాల్ పోటీలు, మార్చి మ్యాడ్‌నెస్. 68 జట్లు, ఒక్క ఆట ఓడితే ఇంటికే. 2025లో మా జట్టులోని ముఖ్యమైన అయిదుగురినీ ‘క్రాబ్ ఫైవ్’ అన్నారు, ఈ రాష్ట్రంలో పీతల మీదున్న ప్రేమకొద్దీ. మార్చి 23 రాత్రి సియాటిల్‌లో కొలరాడో స్టేట్‌తో ఆట. ఇంక 3.6 సెకన్లుండగా 70–71తో వెనకబడ్డాం. బంతి ఎవరికివ్వాలని కోచ్ అడిగితే నాకే ఇవ్వమన్నాడు డెరిక్ క్వీన్. మొదటి ఏడాది చదువుతున్న పిల్లవాడు. బంతి అందుకుని ఎడమవైపు దూసుకెళ్ళి, ఒంటికాలి మీద ఒరుగుతూ వదిలాడు. అది అద్దానికి తగిలి లోపల పడింది. 72–71. అంత ధైర్యం ఎక్కడిదని విలేఖరులు అడిగితే, నేను బాల్టిమోర్‌వాణ్ణి అన్నాడు. ఊరి పేరే సమాధానం! ఇండియాలో ఉదయం ఏడు దాటి ఉంటుంది, ఆ ఊపులో అమ్మకు ఫోన్ చేశాను. “ఏటిరా, గెలిసినారా మనోళ్ళు?” అంది. మనోళ్ళు! ఆమె ఒక్క ఆటా చూసి ఎరగదు.

ఆ సంతోషం వారం నిలవలేదు. నాలుగు రోజులకే ఫ్లోరిడా చేతిలో 71–87తో ఓడాం. మూడు రోజుల తర్వాత కోచ్ విల్లనోవా విశ్వవిద్యాలయానికి వెళ్ళిపోయాడు. క్వీన్ ఎన్‌బీఏకు, ఇద్దరు వేరే కాలేజీలకు, కాలేజీ ఆట గడువు తీరిపోయి మిగతా ఇద్దరు బయటికి. అయిదుగురిలో ఒక్కడూ మిగల్లేదు. ఇప్పుడు ఆటగాళ్ళకు డబ్బులొస్తాయి, ఏటా కాలేజీ మారే వీలుంది. 2025 జులై నుంచి కాలేజీలే నేరుగా చెల్లిస్తున్నాయి. వాళ్ళు సంపాదించుకోవడంలో తప్పేమీ లేదు. వాళ్ళ చెమట మీద దశాబ్దాల పాటు అందరూ సంపాదించారు, వాళ్ళు తప్ప. కానీ ఆటగాళ్ళూ కోచ్ వెళ్ళిపోయాక ఇంక ఎవరికి అభిమానివిరా అని స్నేహితులు ఆటపట్టిస్తారు. నా లెక్కలో జట్టంటే ఆ అయిదుగురే కాదు. బస్సు డ్రైవరు పెద్దాయన, పెనాల్టీ వద్దన్నవాళ్ళకు చప్పట్లు కొట్టినావిడ, 2001లో ఓడాక పలకరించిన కుర్రాడు, వీళ్ళంతా జట్టే. పాస్‌పోర్టు మారితే దేశం మారుతుందేమో గానీ, అంతమాత్రాన పరాయి నేల మీద ఊరు దొరకదు. అదే చోట, అదే జనంతో, ఏళ్ళ తరబడి కలిసి ఓడిపోతే దొరుకుతుంది.

ఇదంతా చెబుతున్నది అమెరికా గొప్ప చాటడానికి కాదు. ఆటలో మనవైపు తక్కువేమీ లేదు. వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడి పేరున శ్రీకాకుళంలో స్టేడియం ఉంది. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట పిల్ల కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీలో మొత్తం 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారత మహిళ అయింది. లేనిది చూసే జనమే. ఇక్కడ బాస్కెట్‌బాల్ హాల్లో దాదాపు 18 వేల మంది కూర్చుంటారు. మన దగ్గర అంతర కళాశాలల కబడ్డీ పోటీకి పీడీ మాస్టారు, సబ్‌స్టిట్యూట్లు, ఆడే పిల్లల దోస్తులు నలుగురు, అంతే. ఆడే పిల్లల అమ్మానాన్నలు కూడా రారు. కాలేజీ అంటే మార్కులూ ఉద్యోగమే అయిపోయాయి. దాన్ని ‘మా కాలేజీ’ అని ఊరు సొంతం చేసుకోలేదు.

అందుకని సంక్రాంతికి ఊరెళ్ళే ప్రవాసులకు, ఊళ్ళోనే ఉన్న మావాళ్ళకు ఒక మాట. ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఉంది, జిల్లాలో డిగ్రీ కాలేజీలు బోలెడున్నాయి. ఏ పోటీ ఎప్పుడో కనుక్కుని ఒక్క సాయంత్రం వెళ్ళండి. చందాలు, సన్మానాలు తర్వాత సంగతి. గట్టు మీద కూర్చుని మీ కాలేజీ పేరు గట్టిగా అరవండి. గెలిస్తే సరే, ఓడితే మళ్ళీ వెళ్ళండి.