రెండు జట్లు, ఒక బౌలరు

మిరపకాయలు యార్డుకు తోలాక ఖాళీ అయ్యే కల్లమే మా ఊరి క్రికెట్ మైదానం. రెండేళ్ళ క్రితం, కిట్టు కొనగల నలుగురు విడిపోయి వేరే జట్టు కట్టారు. మా ఫాస్ట్ బౌలరు కాయకోతలకెళ్ళే తల్లి కొడుకు. బూట్లిస్తామంటే వాళ్ళతో వెళ్ళాడు. "ఇక నీకిక్కడ చోటు లేదు" అన్నాం. గట్టిగా అన్నది నేనే.

మిత్రులారా, ఇది మా ఊరి ముచ్చటే కాదు. గుంటూరులో పుట్టిన అంబటి రాయుడు 2007లో, బోర్డును కాదని వెలిసిన ఇండియన్ క్రికెట్ లీగ్‌కు వెళ్ళాడు. లీగు పెట్టింది జీ సంస్థ. నిషేధం పడింది ఆటగాళ్ళ మీద. 2009లో క్షమించారు. దేశం తరఫున అతని తొలి వన్డే 2013లో గాని రాలేదు.

2021 ఏప్రిల్‌లో యూరప్‌లోని 12 సంపన్న ఫుట్‌బాల్ క్లబ్బులు సూపర్ లీగ్ ప్రకటించినప్పుడూ అంతే. ఆటగాళ్ళను దేశం జట్లలోకి రానివ్వమని బెదిరించారు. అభిమానులు వీధికెక్కారు. రెండు రోజుల్లో ఆరు ఇంగ్లీషు క్లబ్బులూ వెనక్కి తగ్గి, పాత లీగులోనే ఆడుకున్నాయి.

మా నలుగురూ మరుసటి వేసవికి తిరిగొచ్చారు. కిట్టు వాళ్ళది గదా, ఎవరూ నోరెత్తలేదు. అతను మాత్రం రాలేదు. ఇప్పుడు కోల్డ్ స్టోరేజీలో టిక్కీలు మోస్తున్నాడు. "ఆబోతుల కుమ్ములాటలో నలిగేది లేగదూడేరా" అంటాడు మా నాన్న.

పరీక్షలయ్యాక ఇంటికెళ్ళి అతని చేతికి బంతివ్వాలి. తప్పు నాదని ముందు చెప్పాలి.