గోడ తిన్న బెల్లం

పోయిన ఆదివారం మా పాయకరావుపేట నుంచి తాండవ నది వంతెన దాటి, తునిలో రైలెక్కి, కొండపల్లి కోట చూసొచ్చాను. కొయ్యబొమ్మల ఊరి నెత్తి మీద 14వ శతాబ్దంలో రెడ్డిరాజులు కట్టిన కోట. గజపతులు, కృష్ణదేవరాయలు, గోల్కొండ సుల్తానులు ఏలాక 1766లో ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది. కొన్నేళ్ల కిందట బాగుచేశారు.

రాజుల పేర్లు ఇంటికొచ్చేసరికి సగం మర్చిపోయాను. గోడ మాత్రం మర్చిపోలేదు. వేలితో రాస్తే పాత సున్నం పిండిలా రాలింది. పక్కనే ఎవడో మేకుతో గీసిన ప్రేమగుర్తు!

సున్నం రాలుతోంది కదా అని పాత గోడకి సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి రాదు. ఉప్పు పేరుకుని రాయే పొరలుగా ఊడుతుంది. అందుకే ఇలాంటి కట్టడాలకి గానుగ సున్నమే వాడాలంటారు. అందులో పడేవి సున్నం, ఇసక, కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం.

బెల్లం అనగానే మనసు అనకాపల్లి పోయింది. ఇప్పుడు మా పాయకరావుపేటకి జిల్లా కేంద్రం కూడా అదే కదా. మనం చలిమిడి చేసుకునే బెల్లంతో కోటలు కూడా నిలబడతాయన్నమాట.

ఈసారి వెళ్లేవాళ్లు, మేకు ఇంట్లో పెట్టి వెళ్లండి బాబూ.