పాతాళగంగ నుంచి లాంచీలో

శ్రీశైలం కొండ దిగువన, పాతాళగంగ రేవు నుంచి అక్కమహాదేవి గుహలకు లాంచీలు నడుస్తాయి. ఇరుపక్కలా నల్లమల, నిలువునా కోసినట్టుండే రాతి చరియలు. 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చిన అడవి ఇది. అయినా పులి కోసమే లాంచీ ఎక్కినవారికి దాదాపు నిరాశే. చూడాల్సింది ఒడ్డును. బండమీద మొసలి నోరు తెరుచుకుని ఎండ కాగుతుంటుంది. ఇంజను మోత దగ్గరైతే చప్పుడు లేకుండా నీళ్లలోకి జారిపోతుంది. నీటికుక్కలు గుంపుగా చేపల్ని తరుముతాయి. దూరంలోనే వేగం తగ్గించే సరంగు దొరకడం యాత్రికుల అదృష్టం. లాంచీలు తిరిగే శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. వేసవిలో అది పడిపోయి బురద బయటపడితే, నీళ్లకు దిగిన జంతువుల అడుగులు స్పష్టంగా కనిపిస్తాయి. మరీ తగ్గితే లాంచీలే ఆగిపోతాయి.