అందరి చెవిన పడాల్సిన మాట

శంషాబాద్ విమానాశ్రయంలో అప్రోచ్ కంట్రోలర్ కుర్చీలో కూర్చున్నవాడికి విమానమంటే తెర మీద ఒక చుక్క, దాని పక్కన కొన్ని అంకెలు, చెవిలో ఒక గొంతు. విజయవాడ, విశాఖ వైపు నుంచి వచ్చేవి మా నల్లగొండ జిల్లా మీదుగా వస్తాయి. ఏడు వేల అడుగులకు దిగమని నేనంటే, పైలట్ ఆ అంకెను తన కాల్‌సైన్‌తో కలిపి నాకు తిరిగి చెప్పాలి. దాన్ని రీడ్‌బ్యాక్ అంటాం. ఎత్తు, దిశ, ఆల్టిమీటర్‌లో పెట్టుకోవాల్సిన పీడనం, రన్‌వే నంబరు, దిగేందుకు అనుమతి, అన్నీ తిరిగి చెప్పి తీరాలి. విన్నానని చెప్పే ఉత్త 'రోజర్' చాలదు.

కొత్తగా కొలువులో చేరినవాళ్లకు చెప్పడం తొందరగానే వస్తుంది. వినడం రావడానికే ఏళ్లు పడుతుంది. రద్దీ వేళ ఏడు అన్నది నేనే కాబట్టి, అవతల ఆరు అన్నా నా చెవికి ఏడే వినిపించే ప్రమాదముంది. రీడ్‌బ్యాక్ వినే ఆ రెండు సెకన్లు వెనకాల వస్తున్న విమానం గురించి ఆలోచించకూడదు. ఈ పనిలో నాకు అన్నిటికంటే కష్టమైంది అదే.

చర్ఖీ దాద్రీ ప్రమాదం తెలియని కంట్రోలర్ మన దేశంలో ఉండడు. 1996 నవంబర్ 12. ఢిల్లీలో దిగడానికి వస్తున్న కజకిస్తాన్ ఇల్యూషిన్ విమానాన్ని 15,000 అడుగులకు దిగమన్నారు. ఎదురుగా 14,000 అడుగుల ఎత్తులో సౌదీ బోయింగ్ 747 వస్తోందని కూడా చెప్పారు. జవాబిచ్చింది రేడియో ఆపరేటర్. విమానం నడిపే చేతులు వేరేవాళ్లవి. ఇల్యూషిన్ 15,000 దాటి కిందికి జారింది. రెండిట్లో ఉన్న 349 మందీ పోయారు. సౌదీ విమానంలో గల్ఫ్ పనులకు పోతున్న మనవాళ్లు ఎందరో ఉన్నారు. ఇచ్చిన ఎత్తు కంటే కిందికి దిగడమే కారణమని జస్టిస్ లాహోటీ కమిషన్ తేల్చింది. ఇల్యూషిన్ సిబ్బందికి ఇంగ్లిష్ సరిగా రాకపోవడాన్నీ ఎత్తిచూపింది.

అప్పటి ఢిల్లీ రాడార్ విమానం ఎక్కడుందో చూపేది గానీ ఎంత ఎత్తులో ఉందో చూపేది కాదు. కంట్రోలర్‌కు ఆధారం అవతలి గొంతు ఒక్కటే. ఆ తర్వాతే అక్కడ ఎత్తును కూడా చూపే సెకండరీ రాడార్ వచ్చింది, వచ్చే పోయే విమానాలకు దారులు వేరయ్యాయి, ఢీకొనే ముప్పును పసిగట్టే పరికరం మన దేశంలో తప్పనిసరైంది. ఈ రోజు నా తెర మీద చుక్క పక్కన ఎత్తు కనబడుతోందంటే అందులో ఆ 349 మంది ప్రాణాలున్నాయని నేను మనసారా నమ్ముతాను.

మా జిల్లాలోని కేతేపల్లి పోయినప్పుడు మా పెదనాన్న ఒకసారి అడిగాడు: "అవతల మాట్లాడేటోడు మన తెలుగోడే అయితే తెలుగుల చెప్తే తప్పేంది బిడ్డా?"

మంచి ప్రశ్న. ఆయనకు ప్యారిస్ సంగతి చెప్పాను. 2022 మే 23న చార్ల్స్ డి గాల్ విమానాశ్రయంలో వానా మబ్బుల మధ్య ఒక ఎయిర్‌బస్ 320 దిగుతోంది. అసలు పీడనం 1001 హెక్టోపాస్కల్‌లు. కంట్రోలర్ నోట ఇంగ్లిష్‌లో 1011 అని వచ్చింది. పైలట్లు 1011 అనే తిరిగి చెప్పారు. రీడ్‌బ్యాక్ చెప్పినదానితో సరిపోయింది కాబట్టి తప్పు ఎవరికీ పట్టుబడలేదు. ఆల్టిమీటర్ పీడనాన్ని బట్టి ఎత్తు లెక్కగడుతుంది. అసలుకన్నా పది ఎక్కువ పెట్టుకుంటే విమానం అనుకున్నదానికన్నా సుమారు 280 అడుగులు కింద ఉంటుంది. రన్‌వే కనబడక పైలట్లు పైకి లేపారు. అప్పటికే అది రన్‌వేకు కిలోమీటరున్నర ముందు, నేలకు ఆరడుగుల ఎత్తు దాకా వచ్చింది.

అదే ఫ్రీక్వెన్సీ మీద ఫ్రెంచి విమానానికి ఫ్రెంచిలో 1001 అనే సరిగ్గా చెప్పారు. ఆ మాట ఎయిర్‌బస్‌లో ఉన్నవాళ్లకు అర్థమై ఉంటే "మాకు వేరే చెప్పారే" అని అడిగే వీలుండేది.

నేను తెలుగు పైలట్‌తో ఇంగ్లిష్‌లోనే మాట్లాడేది అందుకే. ఒకరితో చెప్పే మాటను ఆ ఫ్రీక్వెన్సీ మీద ఉన్నవాళ్లంతా వింటుంటారు, ఎవరు ఎక్కడున్నారో లెక్క వేసుకుంటారు, మేం పొరబడితే పట్టుకుంటారు. పీడనం చెప్పేటప్పుడు గుర్తున్న అంకె చెప్పను, ఎదురుగా ఉన్న డిస్‌ప్లే చూసి చదువుతాను. రాత్రి వేళ పరాయి దేశపు సిబ్బంది వస్తే ఒక్క దమ్ములో నాలుగు ఆదేశాలు ఇవ్వను. రెండు ఇచ్చి జవాబు విన్నాకే మిగతావి. "మళ్లీ చెప్పండి" అన్నందుకు ఏ పైలట్‌నూ విసుక్కోను. పక్క కుర్చీలో ఎవరైనా విసుక్కుంటే ఊరుకోను.