లాగ్‌బుక్‌లో 0.3

నేనుండేది ఫీనిక్స్‌లో. వారమంతా కోడింగ్, శనివారం అద్దె సెస్నా 172. ప్రైవేట్ పైలట్ లైసెన్స్ ఉంది, ఇప్పుడు ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ కోసం గంటలు పోగేస్తున్నా. రూల్ ప్రకారం 40 కావాలి. నా దగ్గర 39.2 ఉన్నాయి.

మొన్న అమావాస్య రాత్రి యూమా నుంచి ఒక్కణ్నే తిరిగొస్తున్నా. మబ్బు తునక లేదు. కానీ ఊరి లైట్లు వెనకపడ్డాక కింద ఎడారి, పైన ఆకాశం, రెండూ ఒకే నలుపు. నేల ఎక్కడ ఆగి ఆకాశం ఎక్కడ మొదలవుతుందో గీతే లేదు. దూరంగా ఒకటీ అరా లైట్లు, అవి ఇళ్లో చుక్కలో తెలీదు. ఉన్నట్టుండి విమానం ఎడమకి ఒరుగుతోందనిపించింది. యాటిట్యూడ్ ఇండికేటర్ చూస్తే రెక్కలు సమానంగానే ఉన్నాయి! ఒళ్లేమో ఒరిగిపోతున్నావంటోంది. చేతులు చెమటలు పట్టేశాయి. 1999 జులైలో జాన్ ఎఫ్. కెనెడీ జూనియర్ సముద్రం మీద రాత్రిపూట ఇలాగే దిక్కు తెలీక కూలిపోయాడు. ఆ సంగతి అప్పుడే గుర్తు రావాలా? ఇక కళ్లు ఇన్‌స్ట్రుమెంట్స్ మీదే పెట్టా.

దిగాక అసలు తిప్పలు. నైట్ కాలమ్‌లో 1.3 రాశా, అందులో డౌట్ లేదు. మరి ఇన్‌స్ట్రుమెంట్ కాలమ్‌లో? వాతావరణం క్లియర్‌గా ఉన్నా, చంద్రుడు లేని రాత్రి సముద్రం మీద హొరైజన్ కనపడకపోతే అది కూడా లెక్కలోకి రావచ్చని ఎఫ్‌ఏఏ లాయర్లు 1984లోనే ఒక ఉత్తరంలో చెప్పారు. ఎందుకు లెక్కేశామో కారణం కూడా రాసుకోవాలి. ఎడారి అయినా చీకటి చీకటే కదా. 0.8 వేస్తే సరిగ్గా 40! అడిగేవాళ్లెవరూ లేరు. టైమ్‌షీట్‌లో కళ్లు మూసుకుని ఎనిమిది గంటలు కొట్టే జాతి మనది.

కానీ రూల్‌లో 'కేవలం ఇన్‌స్ట్రుమెంట్స్ చూసి' అని ఉంది. నేనేమో సగం దూరం హైవే మీద లారీల లైట్లు చూసుకుంటూ వచ్చా. ఇన్‌స్ట్రక్టర్‌కి మెసేజ్ పెడితే తిరిగి ఆయనే అడిగాడు: "బయటికి చూసి లాభం లేని నిమిషాలెన్ని?"

ట్రాక్ తెరిచి లెక్కేశా. హైవేకి దూరంగా, గిలా బెండ్ లైట్లు కనపడేలోపు, ఓ పద్దెనిమిది నిమిషాలు. 0.3 వేసి, పక్కన 'చంద్రుడు లేడు, హొరైజన్ లేదు' అని రాశా.

ఇంకా అరగంట బాకీ. వచ్చే శనివారం మిట్టమధ్యాహ్నం, హుడ్ పెట్టుకుని, ఇన్‌స్ట్రక్టర్ పక్కన. అమ్మకి మాత్రం పగలే ఎగురుతున్నానని చెప్పా.