ఊరు వదిలిన జట్టు

2025 అక్టోబరులో హైదరాబాదు ఫుట్‌బాల్ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చుకుంది. మిల్లు మూతపడితే కార్మికుడికి అడగడానికి యూనియన్ ఉంటుంది. జట్టు పోతే అభిమాని ఎవరిని అడగాలి?

గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో ఆ జట్టు ఆటలు చూసినవారిలో నేనూ ఒకణ్ణి. పాతబస్తీ కుర్రవాళ్లు, షిఫ్టు ముగించుకు వచ్చిన కంప్యూటర్ ఉద్యోగులు పక్కపక్కనే కూర్చుని కేకలు వేసేవారు. అద్దాల మేడల సైబరాబాదులో ఈ రెండు లోకాలూ కలుసుకునే చోట్లు మరెన్నో లేవు. 2022 మార్చిలో గోవాలో కేరళ జట్టును ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిన జట్టు, నాలుగేళ్లు నిండకుండానే ఊరు వదిలింది.

ఇందులో వింత లేదు. 2019లో పుణె జట్టు మూతపడగా ఆ స్థానంలోనే ఈ జట్టు వచ్చింది. క్రికెట్‌లోనూ 2009లో ఐపీఎల్ గెలిచిన డెక్కన్ ఛార్జర్స్ 2012లో అంతరించింది. జట్టు సరుకైనచోట ఊరు అంగడి మాత్రమే.

పోతే, హైదరాబాదు ఫుట్‌బాల్ ఈ క్లబ్బుతో పుట్టింది కాదు. 1950 నుంచి 1954 వరకు సిటీ పోలీసు జట్టు వరసగా ఐదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. దానికి శిక్షణ ఇచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం ఒకప్పటి బడిపంతులు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందిన భారత జట్టూ, 1962లో జకార్తాలో స్వర్ణం గెలిచిన జట్టూ ఆయన తీర్చిదిద్దినవే. సికిందరాబాదు కుర్రవాడు తులసీదాస్ బలరాం ఆ రెండింటిలోనూ ఆడాడు.

ఆ కాలమంతా స్వర్ణయుగమని నేననను. పోలీసు జట్టు అధికారుల ప్రాపకం మీద బ్రతికింది. బలరాం వంటివారు కలకత్తా క్లబ్బులకు పోయారు. 1963లో రహీం మరణించాడు. ప్రాపకం మీద నిలిచింది ప్రాపకంతోనే సడలింది. అయినా ఆనాడు ఆటగాడికి ఉద్యోగముండేది, పిల్లవాడికి ఆడుకునే బయలుండేది. నేడు రహీం కథ 2024లో ‘మైదాన్’ అనే హిందీ సినిమాగా వచ్చింది. పిల్లవాడికి మైదానం మాత్రం గంటకింత అద్దెకు దొరుకుతోంది.

వారసత్వం కప్పుల అలమరలో ఉండదు. బడి వదిలాక బంతి తన్నే పిల్లల కాళ్లలో ఉంటుంది. జర్మనీలో క్లబ్బుల ఓట్లలో సగానికి మించి సభ్యుల చేతిలోనే ఉండాలన్న నియమముంది. మనకు అట్టి క్లబ్బులు లేవు. కాని ప్రజల సొమ్ముతో కట్టిన గచ్చిబౌలి స్టేడియం ఇంకా ఇక్కడే ఉంది. దాని గేటు ఎవరికోసం తెరవాలో అడగవలసిన బాధ్యత విద్యార్థి సంఘాలది, ఉపాధ్యాయ సంఘాలది.