ఏడేళ్ళ నమక్

మొన్న ఒక దోస్త్ ఫోన్ చేసి, మాటల మధ్యలో అన్నాడు: "మీ ఇబ్రహీం కుతుబ్ షా తెలుగును ప్రేమించాడని ఎప్పుడూ రాస్తుంటావు. ఏడేళ్ళు అన్నం పెట్టిన రామరాయల మీదికే ఫౌజు తీసుకుపోయాడు కదా, అది కూడా రాయి."

"మీ" అన్న మాట నాకు కొత్త కాదు. దానికి చిన్నప్పటి నుంచీ ఆదత్ అయిపోయింది. కానీ సవాల్ మాత్రం గొంతులో ముల్లులా ఆగింది. ఆ సవాల్ నన్ను నేను అడుక్కుని ఇరవై ఏళ్ళు దాటింది, ఇబ్రహీం గురించి కాదు. అది చివర్లో చెప్తాను. ముందు ఆయన సంగతి.

మాది దేవరకొండ పక్కన చిన్న ఊరు. ఇబ్రహీం కథ కూడా దేవరకొండ ఖిలా నుంచే మొదలవుతుంది. గోల్కొండ సల్తనత్‌కు పునాది వేసిన సుల్తాన్ కులీకి ఈయన చిన్న కొడుకు. 1543లో ఆ ముసలి సుల్తాన్‌ను చంపించారు. చంపించింది ఎవరో కాదు, సొంత కొడుకు జంషీద్. తఖ్త్‌కు వారసుడైన పెద్దన్న కుతుబుద్దీన్ కళ్ళు పొడిపించింది కూడా ఆ జంషీదే. అప్పుడు దేవరకొండలో ఉన్న ఇబ్రహీంకు ఖబర్ అందింది. తర్వాత నంబరు తనదేనని తెలియడానికి పెద్ద అఖల్ అక్కర్లేదు. ముందు బీదర్ పోయాడు. అక్కడ కూడా జాన్‌కు ఖత్రా తప్పదనిపించి తుంగభద్ర వైపు, విజయనగరం పోయాడు.

చూడండి, అదే 1543లో హుమాయూన్ తన ఏడాది పసివాడు అక్బర్‌ను వదిలేసి ఇరాన్ దారి పట్టాడు. ఆ పసివాడు పెరిగింది, తండ్రిని తరిమిన చిన్నాన్న అస్కరీ ఇంట్లో. చిన్నమ్మ చేతి ముద్దలు తిని. బాదుషాల బచ్‌పన్ అంటే మనకు బంగారు ఉయ్యాలలు గుర్తొస్తాయి గానీ, చాలామందిది దాక్కునే బతుకే. అన్నదమ్ముడు అన్న మాట వాళ్ళకు మొదటి భయం.

విజయనగరంలో అళియ రామరాయలు ఇబ్రహీంకు పనాహ్ ఇచ్చాడు. పనాహ్ అంటే ఒక మూల పడుకోనివ్వడం కాదు. జాగీరు ఇచ్చాడు. (ఒక కుతుబ్ షాహీ తారీఖ్ ప్రకారం, ఈ రామరాయలు జవానీలో సుల్తాన్ కులీ దగ్గరే నౌకరీ చేశాడు. ఒక ఖిలా వదిలి పారిపోయి వచ్చాడని సుల్తాన్ పని నుంచి తీసేశాడట. తనను తరిమిన వాడి కొడుకుకు అన్నం పెట్టడంలో ఎంత రహం ఉందో, ఎంత రాజకీయం ఉందో మీరే అనుకోండి.)

ఆ జాగీరుతోనే చిక్కు వచ్చింది. అది అంతకు ముందు అంబర్ ఖాన్ అనే హబ్షీ సర్దారుది. అతని చేతిలోంచి తీసి ఇబ్రహీంకు ఇచ్చారు. ఒకరోజు దర్బారుకు పోయే దారిలో అంబర్ ఖాన్ ఎదురుపడి నలుగురిలో నిలదీశాడు. ఇబ్రహీం మొదట తగ్గే మాట్లాడాడు. భూమి రాజుది, ఎవరికిచ్చేదీ ఆయన ఇష్టం, నీ దారిన నువ్వు పో అని. అవతలివాడు దాన్ని పిరికితనం కిందకు లెక్కగట్టి కత్తి దూశాడు. ఇబ్రహీం గుర్రం దిగాడు. కాసేపట్లో అంబర్ ఖాన్ నేల మీద పడి ఉన్నాడు. పగ తీర్చుకోవడానికి వచ్చిన అతని తమ్ముడూ అంతే.

ఈ కిస్సాలో నాకు కత్తి కంటే ముందు మాటలే ముఖ్యం. పరాయి ఇంట్లో ఉన్నవాడి జుబాన్ అది. తగ్గి మాట్లాడాలి, ఎవరి నసీబులోంచి తీసిన ముద్దో తెలిసినా నోరు మూసుకుని తినాలి, కానీ ఒక హద్దు దాటితే గుర్రం దిగాలి. ఎవరి ఇంట్లోనైనా పెరిగిన వాళ్ళకు ఇది అర్థమవుతుంది.

ఏడేళ్ళు అక్కడే. తెలుగు చెవిన పడింది, పద్యం రుచి తెలిసింది. 1550లో జంషీద్ జబ్బుతో పోయాడు. ఏడేళ్ళ కొడుకు సుభాన్‌ను తఖ్త్ మీద కూర్చోబెట్టి పెద్దలు కొట్టుకుంటుంటే, జగదేవరావు లాంటి నాయకవాడీలు ఇబ్రహీంకు కబురు పంపారు. దారిలో కోయిలకొండ ఖిలాలో హిందూ ముస్లిం సర్దారులు ఇబ్రహీంకే వఫాదారీ అని కసం తిన్నారు. ఆ కసం రాతి మీద చెక్కించారు. ఏ జుబాన్‌లో అనుకుంటున్నారు? తెలుగులో.

తర్వాత సంగతి తెలుగు చదివిన వాళ్ళకు ఎరుకే. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానం అంకితమిచ్చాడు. కందుకూరి రుద్రకవికి చింతలపాలెం అగ్రహారం దక్కింది. ఆయన అమీర్, పటాన్‌చెరు అమీన్ ఖాన్ కోసం పొన్నగంటి తెలగనార్యుడు యయాతి చరిత్రను అచ్చ తెలుగులో రాశాడు. కవులు ఇబ్రహీం పేరును నోరారా తిప్పి "మల్కిభరాముడు" అన్నారు. ఆ పేరులో రాముడు ఎట్లా వచ్చి కూర్చున్నాడో చూడండి.

మరి 1565? అదీ అబద్ధం కాదు. ఒకప్పుడు రామరాయలతో కలిసే అహ్మద్ నగర్ మీదికి పోయిన ఇబ్రహీం, కొన్నేళ్ళకు పక్క మార్చాడు. రామరాయలు ఊరుకోలేదు. ఫౌజు వచ్చి గోల్కొండ ఊళ్ళను తొక్కింది. ఘనపురం, పానగల్లు ఖిలాలు పోయాయి. జనవరి 1565లో తళ్ళికోట మైదానంలో నలుగురు సుల్తానుల ఫౌజుల్లో ఇబ్రహీందీ ఒకటి. రామరాయలకు అప్పటికి ఎనభై ఏళ్ళు. పట్టుబడ్డ ఆ ముసలాయన తల నరికించింది హుసేన్ నిజాం షా. ఇబ్రహీం చెయ్యి కాదది. కానీ ఫౌజు ఆయనదే. అదే ఏడు ఏప్రిల్‌లో ఆయనకు మొహమ్మద్ కులీ పుట్టాడు. హైదరాబాద్ కట్టినవాడు.

దోస్త్‌కు ఇదంతా చెప్పి, "సల్తనత్ అంటే వేరే లెక్క" అనొచ్చు. చాలామంది అంటారు. నాకు నోరు రాలేదు. ఎందుకో ఇప్పుడు చెప్తాను.

నేను ఏడో తరగతిలో ఉండగా మా బడే అబ్బా ఇంట్లో మా వాటా లేదన్నాడు. అబ్బా లారీ మీద పనికి పోయాడు. అమ్మీ మమ్మల్ని తీసుకుని నానీ ఇంటికి. నా చదువు ఆగిపోతుందని తెలిసి మా తెలుగు సారు, "వీణ్ణి మా ఇంట్లో ఉంచండి" అన్నాడు. ఐదేళ్ళు ఉన్నాను. రంజాన్ నెలలో నా సహరీ కోసం అమ్మ, అంటే సారు భార్య, తెల్లవారుజామున లేచి వేడి అన్నం, పప్పు పెట్టేది. నేను రోజా ఉన్నన్ని రోజులూ తనే లేచింది. సారు నా చెయ్యి పట్టుకుని దిద్దించాడు. ఒత్తులు తప్పితే మొట్టికాయ. ఈ రోజు మీరు చదువుతున్న ఈ తెలుగు ఆ ఇంటిదే.

నాకు ముప్పై ఏళ్ళప్పుడు సారు రిటైరై, ఊరి బయట స్థలం కొన్నాడు. కడీలు పాతించాడు. అందులో మా ఖబ్రస్తాన్ ముక్క కలిసిపోయింది. సారు మోసం చేశాడని నేను ఎన్నడూ అనలేదు. అమ్మినవాడు చూపించిన కాగితాలను నమ్మాడు. కానీ ఒకసారి పాతాక, పెద్దలు పోయి అడిగితే తీయనన్నాడు. ఆ కడీల లోపల మా అబ్బా ఖబర్ ఉంది. జమాత్ పెద్దలు నా దగ్గరికి వచ్చారు. "అర్జీ రాయాలి బేటా. నీ అంత మంచి తెలుగు మనలో ఎవరికొచ్చు?"

మూడు రాత్రులు నిద్ర పట్టలేదు. ముందు ఒంటరిగా సారు దగ్గరికి పోయి మాట్లాడొచ్చు. పోలేదు. ఆయన ఎదుట నాకు గొంతు లేవదని తెలుసు. అందుకే రాశాను. అర్జీ మాత్రం చాలా బాగా రాశాను. తప్పు లేకుండా, సర్వే నంబర్లతో, ఆయన నేర్పిన పద్ధతిలోనే పేరాలు విడగొట్టి.

తహసీల్దారు ముందు ఆ కాగితం సారు చేతికి ఇచ్చారు. కళ్ళజోడు సర్దుకుని మొత్తం చదివాడు. కింద యాభై సంతకాలున్నాయి. ఎవరు రాశారని అడగలేదు. నా వైపు చూసి, "అక్షరం మారలేదురా నీది" అన్నాడు. అంతే.

సర్వే అయింది, కడీలు వెనక్కి జరిగాయి. అబ్బా ఖబర్ మీద ఇప్పుడు నేను ఫాతెహా చదవగలుగుతున్నాను. ఆ అర్జీ మళ్ళీ రాయాల్సి వస్తే మళ్ళీ రాస్తాను. కానీ సారు బతికున్నన్నాళ్ళూ ఆ గడప తొక్కలేకపోయాను. అది ఇన్సాఫ్ కిందకు రాదు. అది నా బుజ్‌దిలీ.

కుతుబ్ షాహీ గుంబదుల దగ్గరికి పోయినప్పుడల్లా ఇబ్రహీం మజార్ ముందు ఎక్కువసేపు నిలబడతాను. బయటి గోడ మీద పాత రంగు పెంకుల ఆనవాళ్ళు ఇంకా కొన్ని ఉన్నాయి. 1580లో పోయాడు. తళ్ళికోట తర్వాత పదిహేనేళ్ళు బతికాడు, ఆ పదిహేనేళ్ళూ తెలుగు పద్యాలు వింటూనే. కానుక ఇచ్చే ముందు ప్రతి పద్యంలోనూ ఆయనకు విజయనగరం వీధుల గొంతు వినపడి ఉండదా అనిపిస్తుంది.

సారు పోయినప్పుడు వెళ్ళాను. వాకిట్లో జనం. లోపలికి పోవడానికి కాళ్ళు రాక వేపచెట్టు కింద నిలబడ్డాను. రంజాన్ నెల అది. సాయంత్రం అయ్యేసరికి జనం పలచబడ్డారు. అమ్మ బయటికి వచ్చింది. ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయి ఉంది. నన్ను చూసి, దగ్గరికొచ్చి, "ఒక్కపొద్దు ఉన్నవా బిడ్డా? పొద్దుగూకుతుంది, లోపలికి రా, నీళ్ళు తాగుదువు" అంది.